పత్తి నేలలో మంచు మనుషులు

గత డిసెంబరులో మా ప్రాంతపు వృద్ధాశ్రమం ఒకటి నన్ను ఆరోగ్య పరీక్షలకు ఆహ్వానించింది. రక్తపుపోటు చూడడం, మధుమేహం ఉన్నవారి పాదాలు పరీక్షించడం ముగిసిన తరువాత నిర్వాహకులు ఎంతో ఉత్సాహంగా నన్ను పక్క గదికి తీసుకొని వెళ్ళారు. అక్కడ పదిహేనుమంది వృద్ధులు బల్లల ముందు కూర్చొని అట్టముక్కల మీద దూది ఉండలను జిగురుతో అంటిస్తున్నారు. అవి మంచు మనుషులట. శీతకాలపు సెలవులలో పెద్దవారికి సులభమైన చేతిపనులు అన్న పేరుతో ఇంటర్నెట్టులో ఎవరో పెట్టిన పట్టికలోనివి.

మంచు అంటే తెల్లవారుజామున కందిచేల మీద కమ్మే మంచు తప్ప మరొకటి ఎరుగని వారు ఆ పదిహేనుమందీ. వారిలో ఒకామెది ఆదోని దగ్గరి పల్లె. కళ్ళు ఎక్కడో ఉన్నవి. చేతిలోని దూది ఉండను మాత్రం బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ మధ్య నలిపి, తనకు తెలియకుండానే, చక్కని ఒత్తి చేసింది. సహాయకురాలు దానిని మెల్లగా లాక్కొని, "అట్ల కాదవ్వా, గుండ్రంగా పెట్టల్ల" అని సరిదిద్దింది.

సాయంత్రానికి ఆ బొమ్మలన్నీ చెత్తబుట్టలో ఉన్నవి.

మంచు మనిషి మీద నాకు కోపం లేదు. అమెరికాలో ఉన్న మనవడు సెలవులకు వచ్చి అవ్వ ప్రక్కన కూర్చొని చేస్తే అదీ ముచ్చటే. నా అభ్యంతరం వేరు. ఎవరికీ అక్కరలేని వస్తువును చేయించి, అయిపోయాక చప్పట్లు కొట్టి పారవేయడం కాలక్షేపం కూడా కాదు, అవమానం. ఆ పెద్దలకు అది తెలియదనుకోవడం మన అమాయకత్వం. దూదితో ఏమి చేయాలో ఆదోని అవ్వకు మనం నేర్పవలసి వచ్చిందా? దేశంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి ఆమె ఊరి ప్రక్కనే ఉన్నది. కార్తికమాసంలో లక్షవత్తుల నోముకు ఇంటింటా ఒత్తులు చేసిన చేతులవి. ఆ ఒత్తి వెలుగుతుంది. దాని కోసం ఎదురుచూసే దీపం ఒకటి ఉంటుంది. తేడా అంతా అక్కడే ఉన్నది.

ఈ తప్పులో మా వైద్యుల వాటా తక్కువేమీ కాదు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న రోజులలో, అరవై దాటిన వారి చీటీల మీద చివరి వరుసలో "విశ్రాంతి" అని నేను ఎన్ని వేలసార్లు వ్రాశానో లెక్కలేదు. మోకాళ్ళ నొప్పితో వచ్చిన ఒక పెద్దావిడ పాతచీరలతో బొంతలు కుట్టేది. వాడలో ఎవరింట పురుడు వచ్చినా పసిబిడ్డ క్రింద ఆమె బొంతే. "ఇక కుట్టడం మానివేయండి" అన్నాను. నొప్పి మోకాళ్ళలో ఉంటే చేతులను మాన్పించాను! నేల మీద కూర్చోవద్దనీ, ఎత్తు బల్ల మీద పెట్టుకొని కుట్టమనీ చెప్పి ఉండవలసింది. ఏడాదిన్నర తరువాత ఆమె మరల వచ్చినప్పుడు మాత్రల పట్టీలోంచి మాత్రను కోడలు తీసి ఇస్తున్నది. వ్రేళ్ళు బిగుసుకొన్నవి. మాట కూడా తగ్గింది. అన్నింటికీ నా సలహాయే కారణమని అనను. వయసు, జబ్బు తమ పని తాము చేస్తాయి. కానీ ఆ చీటీ వ్రాసిన చేయి నాదే.

వాడని కీలు బిగుస్తుంది, వాడని కండరం సన్నబడుతుంది. వృద్ధుల విషయంలో ఇది నెలల మీద కాదు, మంచం పట్టిన కొద్దిరోజులలోనే కనబడుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం, సీసా మూత త్రిప్పడం, ఇన్సులిన్ సూది పట్టుకోవడం, ఇవన్నీ చిటికెన పట్టు మీద ఆధారపడిన పనులు. ఆ పట్టు పోయిన రోజున మనిషి పరాధీనుడవుతాడు. పైగా మన సీమలో పలుచోట్ల త్రాగునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. కీళ్ళు ముందే బిగుసుకొనే నేల ఇది. అటువంటి చోట "నువ్వు ఊరికే కూర్చోమ్మా" అనడం ప్రేమే కావచ్చు, ఫలితం మాత్రం ప్రేమ లేనట్లే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ముగ్గులు వేస్తే మతిమరుపు జబ్బు రాదని ప్రతి ధనుర్మాసంలోనూ వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతుంది. దానిని నమ్మకండి. అటువంటి హామీ ఇవ్వగల చేతిపని ఏదీ లేదు. ముగ్గు చిన్న పని కాదు, అది వేరే విషయం. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గిఫ్ట్ సిరొమనీ, రాణీ సిరొమనీ అనే ఆచార్యులు 1970వ దశకంలో అరవదేశపు చుక్కల ముగ్గులను కంప్యూటరు శాస్త్రపు దృష్టితో అధ్యయనం చేశారు. చుక్కలు లెక్కపెట్టి, గీత ఎక్కడ మెలిక తిరగాలో మనసులో ఉంచుకొని, చేయి ఎత్తకుండా పూర్తిచేసే మా అవ్వలు ఆ లెక్కను ఏ బడిలోనూ చదువలేదు.

అయితే చీకటితో లేచి, కళ్ళాపి చల్లిన తడినేల మీద వంగి ముగ్గు వేయడాన్ని డెబ్బై దాటినవారికి నేను అంగీకరించను. జారిపడి తుంటి ఎముక విరిగితే ఆ మనిషి మరల మునుపటిలా నడుస్తుందన్న నమ్మకం లేదు. చలిలో రక్తపుపోటు కూడా పెరుగుతుంది. ఎండ వచ్చాక, నేల ఆరాక, లేదా నల్లని పలక మీద, ఎత్తైన పీట మీద వేయవచ్చును. ఆయాసం ఉన్నవారు అంగడి ముగ్గుపిండి జోలికి పోకుండా తడి బియ్యపుపిండి వాడాలి. రాతిపొడి ఏదైనా ఊపిరితిత్తులకు మంచిది కాదు. రాయి అంటే గుర్తుకు వచ్చింది. కడప సీమలో మంగంపేట గనుల ముగ్గురాయి చమురు బావులు తవ్వడానికి దేశదేశాలకు పోతుంది. అందులో ఉండే బేరియం సల్ఫేటునే శుద్ధిచేసి, అన్నవాహిక ఎక్స్‌రేకు ముందు మేము రోగులచేత త్రాగించేవాళ్ళం!

మగవారి సంగతి మరీ కనికరించదగినది. ఆడవారికి ఒత్తి, బొంత, దండ మిగిలినవి. నులకమంచం అల్లిన రైతుకు, పగ్గం పేనిన చేతులకు, కందికట్టెతో గంప అల్లినవారికి టీవీ మీట ఒక్కటే మిగిలింది. మన కంది కోతలు సరిగా ఈ చలికాలంలోనే. కట్టె ఉచితం. నల్లమల అంచు పల్లెలలో మోదుగాకులు తెచ్చి, ఈనెపుల్లలతో విస్తళ్ళు కుట్టేవారు ఇంకా ఉన్నారు. పండుగనాడు తాత కుట్టిన విస్తరిలో మనవడు తింటే ఆ పనికి వేరే పేరు పెట్టవలసిన అవసరం లేదు.

నా మాటను పట్టుకొని ముసలివారిచేత ఊరక చాకిరీ చేయించుకొనేవారు కూడా ఉంటారు. వారికి నేను వకాల్తా ఇవ్వడం లేదు. ఎమ్మిగనూరులోనో జమ్మలమడుగులోనో పసితనం నుంచి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని బ్రతికిన నేతగాడు "ఇక చాలు" అంటే ఆ మాటకు తిరుగులేదు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చేసేవారి ఇష్టం. మనం చేయవలసినది సామగ్రి అందించడం, వెలుతురు చూడడం, ప్రక్కన కూర్చోవడం.

అంతకుముందు కళ్ళు చూపించండి. సూదిలో దారం ఎక్కడం లేదని పని మానినవారిలో శుక్లాలు ఉన్నవారు ఎందరో. మధుమేహంతో వ్రేళ్ళు తిమ్మిరెక్కినవారికి సూది గుచ్చుకొన్నా తెలియదు. దర్జీలు పెట్టుకొనే వ్రేలితొడుగు కొనియ్యండి, సాయంత్రం వ్రేళ్ళు ఒకసారి చూడండి. పక్షవాతంతో ఒక చేయి పడిపోయినవారికి దూది విడదీయడం, గింజ ఏరడం నుంచి మొదలుపెట్టవచ్చును. అరగంట చేసి లేచి నాలుగడుగులు నడవాలి.

ఆ ఆశ్రమానికి మరుసటి వారం కిలో పత్తి, కొన్ని పాతచీరలు పంపాను. "వాళ్ళ చేతులు వణుకుతాయి కదండీ" అన్నారు నిర్వాహకులు. వణుకుతాయి. నా చేతులూ వణుకుతున్నవి, ఈ వ్యాసాన్ని రెండుసార్లు టైపు చేశాను. ఆదోని అవ్వ మొదటి రోజు పదకొండు ఒత్తులు చేసిందట. పత్తిలో పిక్కలు సరిగా తీయలేదని నన్ను తిట్టిందని కూడా చెప్పారు.