మన ఊరి రోడ్ల క్రింద ఏమి వేయవలెను?

టెక్కలి పరిసరాలలో గ్రానైట్ రాతిని కోసి నునుపు చేసే చోట మిగిలే రాతిపొడి గుట్టలుగా పెరుగుతున్నది. ఊరి రోడ్డుకు గ్రావెల్ కావలెనని మనమే మరొకచోట ఎఱ్ఱ గుట్టలను తవ్వి తరిగిస్తున్నాము. పెరిగే గుట్టను రోడ్డు క్రిందికి చేర్చి, తరిగే గుట్టను నిలుపుకొనరాదా అన్నదే మా ప్రశ్న.

అయితే అన్ని నేలలకు ఒకే మందు పనిచేయదు. వంశధార ఎడమ కాలువ క్రింది వరి భూముల బంకమన్ను వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. జిగురులేని రాతిపొడి తగు పాళ్ళలో కలిసినచో ఆ ఉబ్బు తగ్గుతుంది. బియ్యపు మిల్లుల ఊకబూడిదలో అధికభాగము సిలికా. సరిగా కాలిన బూడిద సున్నముతోను తేమతోను కలిసి గట్టిపడుతుంది. సున్నము లేనిదే దాని బలము స్వల్పము. ఉద్దానము ఇసుకకు కొరత పట్టు. అక్కడ రాతిపొడి ఇసుక సందులను పూరించినను, కొంత సిమెంటు తప్పదు.

కొబ్బరి పీచు సంగతి వేరు. పీచుతో నేసిన వలను మెత్తని నేలపై పరచి, దానిపై రోడ్డు వేస్తారు. కొన్నేళ్లకు వల శిథిలమగునాటికి క్రింది మన్ను అణగి గట్టిపడి ఉంటుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడవ దశలో ఈ వలలు వాడుటకు 2020లో కేంద్రము నిర్ణయించి, మన రాష్ట్రానికి 164 కిలోమీటర్లు కేటాయించినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు తోటలు కూలిన ఉద్దానానికి ఆ పీచు పని ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

పలాస జీడిపిక్కల తొక్కును మాత్రము మేము ఈ జాబితాలో చేర్చము. నూనెకు, ఇంధనానికి పనికివచ్చే దానిని మట్టిలో కప్పుట తెలివి కాదు. థర్మల్ బూడిద మాట ఈ తీరాన ఎత్తుటకే మనసొప్పదు. ఆ విద్యుత్కేంద్రాలను ఎదిరించినందుకు 2010లో సోంపేటలోను, 2011లో కాకరాపల్లిలోను కాల్పులలో ప్రాణాలు పోయినవి.

మరొక జాగ్రత్త. మూలకారణము నేటికీ నిశ్చయముగా తేలని మూత్రపిండాల వ్యాధితో ఉద్దానము బాధపడుతున్నది. ఏ పొడియైనను, ఏ బూడిదయైనను బావి నీటిలోనికి ఏమి వదలునో పరీక్షించనిదే ఒక్క తట్ట కూడ వేయరాదు. రోడ్డు బాగుపడి నీరు చెడినచో ఆ రోడ్డు మాకు వద్దు.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఇది. మన్నును నాలుగు రోజులు నీట నానబెట్టి దాని బలమును కొలిచే సి.బి.ఆర్. పరీక్షకు ఏదైన ఇంజనీరింగు కళాశాలతో ఏర్పాటు చేయించండి. విద్యార్థులము సెలవులకు ఊళ్ళకు వెళ్ళినపుడు తలా ఒక సంచి మన్ను తెచ్చెదము.