కంప్యూటర్ సర్టిఫికెట్‌కి డబ్బు కట్టే ముందు ఈ లెక్క చూడండి



ఈమధ్య క్యాంపుల్లో, వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. "ఎ ప్లస్ అని కంప్యూటర్ పరీక్ష ఉందట. అది పాసైతే సైటు పని వదిలేసి ఆఫీసులో టెక్నీషియన్‌గా చేరొచ్చట. నిజమేనా?" ఇళ్లలో పనిచేసే అక్కలు ఇదే మాట ఇంకోలా అడుగుతున్నారు: "ఊళ్లో మావాడు ఇంటర్ అయ్యాడు. ఈ కోర్సుకి డబ్బులు పంపమంటావా?"

నా జవాబు ముందే చెప్తాను. ఆ పరీక్షలో ఉండే పాఠం ఇప్పటికీ పనికొస్తుంది. ఆ పరీక్ష ఇచ్చే కాగితం మాత్రం అందరికీ పనికిరాదు. పాఠం వేరు, కాగితం వేరు. ఈ తేడా చెప్పకుండా ఫీజు వసూలు చేసేవాళ్లు ఉన్నారు కాబట్టే ఇది రాస్తున్నాను. నేను చదివింది బి.కాం. అందుకని లెక్క నుంచే మొదలుపెడతాను.

ఎ ప్లస్ అనేది కాంప్‌టియా అనే అమెరికా సంస్థ 1993 నుంచి నడుపుతున్న పరీక్ష. ఒక పరీక్ష కాదు, రెండు. రెండూ పాసైతేనే సర్టిఫికెట్. ఒక్కోదానికి 90 నిమిషాలు, 90 ప్రశ్నల దాకా ఉంటాయి. అమెరికాలో ఒక్కో పరీక్ష ఫీజు 250 డాలర్ల పైనే. అంటే రెండిటికీ 500 డాలర్లు దాటుతుంది. ఖతార్ లెక్కలో 1800 రియాళ్ల పైమాట. ఇక్కడ చట్టం చెప్పే కనీస జీతం నెలకు 1000 రియాళ్లు. అంటే దాదాపు రెండు నెలల జీతం. దేశాన్ని బట్టి ఫీజు మారుతుంది కాబట్టి కాంప్‌టియా సొంత సైటులో మీ దేశం ఎంచుకుని అసలు ధర చూసుకోండి. ఫెయిలైతే ఆ డబ్బు తిరిగి రాదు, మళ్లీ రాయాలంటే మళ్లీ కట్టాలి. పరీక్ష తెలుగులో లేదు.

పాసయ్యాక కూడా ఖర్చు అయిపోదు. ఆ సర్టిఫికెట్‌కి మూడేళ్లే ఆయుష్షు. తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి, దానికీ డబ్బే. సిలబస్ కూడా మూడేళ్లకోసారి మారుతూ ఉంటుంది. 2022లో వచ్చిన సిలబస్ పరీక్షలు 2025 సెప్టెంబరుతో ఆగిపోయాయి. కొత్తవి 2025 మార్చిలోనే మొదలయ్యాయి. రూమ్మేట్ దగ్గర పాత పుస్తకం చవగ్గా దొరికిందని కొనకండి.

మరి ఇది పాతబడిపోయిన పరీక్షా? కొందరు అలాగే అంటున్నారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. ఒకప్పుడు కంప్యూటర్ టెక్నీషియన్ అంటే డబ్బా విప్పి ర్యామ్ మార్చేవాడు. ఇప్పుడు చాలా ల్యాప్‌టాపుల్లో ర్యామ్ బోర్డుకే అంటించి వస్తోంది, విప్పినా మార్చలేం. ఇంకో మాట కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎం.సి.ఎస్.ఇ. కోసం ఒకప్పుడు మన కుర్రాళ్లు హైదరాబాద్ అమీర్‌పేటలో వేలకు వేలు కట్టారు. 2021 జనవరి ఆఖరుకి మైక్రోసాఫ్టే దాన్ని ఎత్తేసింది. కాబట్టి ఏ కంప్యూటర్ సర్టిఫికెట్ కూడా ఇంటి పట్టా లాంటిది కాదు. రేషన్ కార్డు లాంటిది కూడా కాదు.

అయినా పాఠం పాతబడలేదని ఎందుకంటున్నానంటే, అందులో అసలు నేర్పేది తప్పు వెతికే పద్ధతి. ముందు ఏం జరిగిందో అడిగి తెలుసుకో. కారణం ఏమై ఉంటుందో ఊహించు. ఊహ సరైనదో కాదో పరీక్షించు. ఎలా బాగుచేయాలో ఆలోచించుకుని చెయ్యి. మొత్తం పనిచేస్తోందా చూడు. చివర్న రాసిపెట్టు. మన ఎలక్ట్రీషియన్ అన్నలు టెస్టర్ పట్టుకుని రోజూ చేసే పని ఇదే కదా. వైఫై, ప్రింటర్, పాస్‌వర్డ్, వైరస్, మోసపు మెయిల్స్: ఏ ఆఫీసులోనైనా రోజూ వచ్చే తలనొప్పులు ఇవే, సిలబస్‌లో ఉన్నవీ ఇవే. అమెరికా రక్షణ శాఖ తన కంప్యూటర్ పనుల్లో కింది మెట్టుకి ఒప్పుకున్న సర్టిఫికెట్ల జాబితాలో చాలా ఏళ్లుగా ఎ ప్లస్ ఉంది. విలువ లేకపోతే పెట్టరు.

కానీ మనం ఉన్నది అమెరికాలో కాదు. ఇక్కడ పని మారాలంటే సర్టిఫికెట్ కంటే ముందు వీసా అడ్డం వస్తుంది. కోర్సు అమ్మేవాడు ఈ సంగతి చెప్పడు.

సౌదీ సంగతి చూడండి. 2016లో మొబైల్ ఫోన్ల అమ్మకం, రిపేరు షాపుల్లో పని పూర్తిగా సౌదీ వాళ్లకే అని తీర్మానించారు. చెయ్యి తిరిగిన మెకానిక్‌లైనా బయటి దేశం వాళ్లైతే ఆ కౌంటర్ల నుంచి లేవాల్సిందే. కువైట్‌లో ఇంటి పని వాళ్లది 20 నంబరు వీసా, కంపెనీ వాళ్లది 18. ఇరవై నుంచి పద్దెనిమిదికి మామూలుగా మారనివ్వరు. 2024లో జూలై నుంచి సెప్టెంబరు దాకా రెండు నెలలు మాత్రం తలుపు తెరిచారు. ఖతార్‌లో 2020 నుంచి పాత యజమాని ఎన్.ఓ.సి. లేకుండానే పని మారొచ్చు. రెండేళ్ల లోపు సర్వీసైతే ఒక నెల, అంతకు మించితే రెండు నెలలు నోటీసు ఇవ్వాలి. ఇంటి పని వాళ్లకి కూడా ఈ హక్కు ఉంది. కానీ కొత్త కంపెనీ దగ్గర ఆ పనికి వీసా ఉండాలి, వాళ్లు మిమ్మల్ని కావాలనుకోవాలి. ఇంకో జాగ్రత్త: నేర్చుకున్నాను కదా అని సాయంత్రాలు ఎవరి షాపులోనో అనుమతి లేకుండా రిపేర్లు చెయ్యకండి. పట్టుబడితే ఉన్న పని కూడా పోతుంది.

మరి ఎవరు రాయాలి? నా లెక్కలో మొదటి వరస సైటులో కేబుల్ లాగే తమ్ముళ్లది. సి.సి. కెమెరాలు, డేటా కేబుళ్లు, యాక్సెస్ కంట్రోల్ పని చేసేవాళ్లు. క్యాట్ సిక్స్ కేబుల్ కోసి, ఎనిమిది తీగలు వరసలో పెట్టి ఆర్.జె. 45 క్రింప్ చేయడం మీకు నిద్రలో కూడా వచ్చు. ఎ ప్లస్ మొదటి పరీక్షలో నెట్‌వర్క్ భాగంలో అడిగే కొన్ని విషయాలు మీ చేతుల్లోనే ఉన్నాయి. వాటికి ఇంగ్లీషు పేర్లు నేర్చుకుని, మిగతాది చదివితే హెల్పర్ నుంచి టెక్నీషియన్ గ్రేడు అడగడానికి మీకు ఒక ఆధారం ఉంటుంది. అయితే పరీక్ష ఫీజు కట్టే ముందు మీ సూపర్‌వైజర్‌ని సూటిగా అడగండి: "ఇది పాసైతే నా గ్రేడు మారుస్తారా?" మారుస్తామంటే కాగితం మీద రాసిమ్మనండి. ఫీజు కంపెనీనే కట్టమని అడగడంలో కూడా తప్పేం లేదు.

ఊళ్లో ఉన్న పిల్లల విషయానికొస్తే, ముందు ఐ.టి.ఐ. కోపా ట్రేడు గానీ డిప్లొమా గానీ చూడండి. కోపా ఏడాది కోర్సు, గవర్నమెంటు సర్టిఫికెట్ వస్తుంది. దానికి రెన్యువల్ ఉండదు. ఎ ప్లస్ దాని మీద వేసుకునే రెండో మెట్టు అయితే బాగుంటుంది, అదే మొదటి మెట్టు కాకూడదు.

మిగతా వాళ్లకి నా మాట: చదవండి, పరీక్షకి తొందరపడకండి. చదవడానికి డబ్బు అక్కర్లేదు. ప్రొఫెసర్ మెస్సర్ అనే ఆయన ఎ ప్లస్ పాఠాలు మొత్తం యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టాడు. సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ అకాడమీలో కూడా ఉచిత కోర్సులున్నాయి. మెస్సర్ పాఠాలు ఇంగ్లీషులోనే, కానీ ఆపుకుంటూ, మళ్లీ మళ్లీ చూసుకోవచ్చు. నాలుగు వారాలు చూడండి. అర్థమవుతోంది, ఇష్టంగా ఉంది అనిపిస్తే అప్పుడు ఉద్యోగ ప్రకటనలు ఇరవై తీసి చదవండి. ఎన్నింటిలో ఎ ప్లస్ అడిగారు, ఎన్నింటిలో డిప్లొమా అడిగారు, ఎన్నింటిలో డ్రైవింగ్ లైసెన్స్ అడిగారు, ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. ఏ కోర్సు వాడి మాట కంటే ఆ గీతలు నిజం చెప్తాయి.

"చదవడానికి టైమెక్కడిది?" అని అక్కలు అంటారు. న్యాయమే. కానీ ఇక్కడి 2017 నాటి ఇంటి పనివాళ్ల చట్టం ప్రకారం రోజుకు పని 10 గంటలకు మించకూడదు. వారానికి 24 గంటల సెలవు, అదీ జీతంతో. ఆ సెలవు మీకు మేడమ్ చేసే దయ కాదు, మీ హక్కు. చదువుకోవడానికైనా, పడుకోవడానికైనా అది మీదే. అలాగే పరీక్షకి వెళ్తే ఫోటో ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపించాలి. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉందంటే అది వేరే సమస్య. దాన్ని మన దగ్గర ఉంచుకోవడం కూడా చట్టమిచ్చిన హక్కే.

చివరిగా మోసాల సంగతి. "పాస్ గ్యారంటీ", "మీ బదులు మావాడు రాస్తాడు", "అసలు ప్రశ్నలే ఇస్తాం" అనేవాళ్లని నమ్మకండి. దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, పోయేది మీ పేరు, వాడిది కాదు. సర్టిఫికెట్ మీద కోడ్ ఉంటుంది, కంపెనీ వాడు నిమిషంలో సరిచూసుకుంటాడు. "కోర్సుతో పాటు ఉద్యోగం కూడా" అన్నాడంటే ఆ ఉద్యోగం ఏ కంపెనీలో, ఏ వీసా మీద, జీతం ఎంత అని రాసిమ్మనండి. రాసివ్వనివాడికి ఒక్క రియాల్ కూడా కట్టకండి. వడ్డీకి తెచ్చి మాత్రం అస్సలు కట్టకండి. ఇక్కడికి రావడానికి ఏజెంటుకి కట్టిన అప్పే ఇంకా తీరనివాళ్లం మనలో ఎంతమంది ఉన్నామో మీకు తెలుసు.