చొక్కా మీద పేరా, వంటింట్లో పనా?

ప్రజా దౌత్యం అంటే పెద్ద మాటలా వినిపిస్తుంది కానీ విషయం చిన్నదే. ఒక దేశ ప్రభుత్వం మరో దేశ ప్రభుత్వంతో కాకుండా, నేరుగా అక్కడి ప్రజలతో పరిచయం పెంచుకోవడం. వర్ధమాన దేశాలు దీనికి బాగానే డబ్బు పెడుతున్నాయి. ఆ డబ్బు తిరిగి వస్తోందా? ఉద్యోగమంతా జమాఖర్చులు రాసినవాణ్ణి కాబట్టి నాకు ముందు తోచే ప్రశ్న అదే.

థాయ్‌లాండ్ సంగతి చూడండి. 2002లో ఆ ప్రభుత్వం 'గ్లోబల్ థాయ్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికి విదేశాల్లో సుమారు 5,500 థాయ్ హోటళ్లు ఉండేవి. ఇప్పుడు 15,000 దాటాయని అంచనా. వాళ్లు ప్రకటనలు వేసి ఊరుకోలేదు. విదేశాల్లో హోటల్ పెట్టేవాళ్లకు ఎగుమతి దిగుమతి బ్యాంకు ద్వారా అప్పులిచ్చారు, వంటవాళ్లకు శిక్షణ ఇచ్చారు, రుచి సరిగా ఉన్న హోటళ్లకు వాణిజ్య శాఖ 'థాయ్ సెలెక్ట్' గుర్తు ఇచ్చింది. 2005లో న్యూజిలాండ్‌తో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందంలో, అర్హత ఉన్న థాయ్ వంటవాళ్లు అక్కడికెళ్లి పనిచేసే వీలు కూడా పెట్టించుకున్నారు. ఒప్పందాల కాగితాల్లో వంటమనిషికి చోటు దొరకడం నాకు భలే నచ్చింది.

ఒక హోటల్ తెరిస్తే బియ్యం, చేపల సాస్, కొబ్బరి పాలు, మసాలా ముద్దలు థాయ్‌లాండ్ నుంచి తెప్పించుకోవాలి. అక్కడ తిన్నవాళ్లలో కొందరు ఎప్పుడో బ్యాంకాక్ టికెట్ కొంటారు. యజమాని తన పొట్ట కోసం పనిచేస్తాడు, ప్రభుత్వం అతనికి జీతం ఇవ్వక్కర్లేదు. పెరిగిన హోటళ్లన్నీ ప్రభుత్వం చలవే అని మాత్రం అనను. అంతకు ముందే వలస వెళ్లిన కుటుంబాలు వేసిన దారి అది.

రువాండా మరో దారి పట్టింది. 2018లో ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టు చొక్కా చేతి మీద 'విజిట్ రువాండా' అని రాయించింది. మూడేళ్లకు 3 కోట్ల పౌండ్లని పత్రికలు రాశాయి. గొరిల్లాలను చూడటానికి ఒక్కొక్కరి దగ్గర 1,500 డాలర్లు తీసుకునే దేశం కాబట్టి, కొద్దిమంది ధనికులు వచ్చినా చాలనే లెక్క తప్పు కాదు. కానీ 2025 జనవరిలో ఎం23 తిరుగుబాటుదారులు కాంగోలోని గోమా నగరాన్ని పట్టుకున్నాక, వాళ్లకు రువాండా అండ ఉందన్న ఆరోపణతో ఆ చొక్కాకే నిరసనలు తగిలాయి. ఆ ఆరోపణను రువాండా ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో, ఒప్పందం ఆ సీజన్‌తో ముగుస్తుందని క్లబ్బు ప్రకటించింది. కొన్న పేరు అలా చేజారింది. హోటళ్లయితే ఎవరూ ఒక్క ప్రకటనతో మూయించలేరు.

మన సంగతికొస్తే, ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో హైదరాబాదులో, 1981లో కౌలాలంపూర్‌లో, 1990లో మారిషస్‌లో జరిగాయి. భాషకు అవి కావలసిందే. అయితే సరిహద్దు దాటి తరాలుగా స్థిరపడ్డ మనలాంటివాళ్లను పిలిచేది ఎక్కువగా శాలువాకీ, పాటకీ. షోలాపూర్‌లో తెలుగు పద్మశాలీలు నేసిన దుప్పట్లు దేశమంతా తెలుసు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ రెంటినీ బరంపురంలోనో హోసూరులోనో పక్కపక్కన అమ్మే తెలుగు దుకాణానికి అప్పు ఇచ్చే పథకం నా కంటపడలేదు. మా సంఘం తరఫున రెండు రాష్ట్ర ప్రభుత్వాలకూ రాయబోయే అర్జీలో ఈసారి హాలు మరమ్మతు కంటే ముందు దీన్ని పెడుతున్నాను. మీ సంఘాలు కూడా రాస్తే బాగుంటుంది.