మైదానం ఎవరిది?

మైదానం అనగానే మన సాహిత్యకారులకు చలం గుర్తొస్తాడు. నాకు మా గంగారంలో ఒక ఖాళీ జాగా గుర్తొస్తుంది. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు అక్కడ మగపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. గట్టు మీద కూచున్న పిల్లను ‘‘నువ్వాడవా?’’ అనడిగాను. ‘‘ఆడపిల్లల ఒంటికి పడదు’’ అన్నాడు పక్కనున్న పెద్దమనిషి. ‘‘జాగ ఇయ్యరక్కా’’ అంది పిల్ల.

పిల్ల చెప్పిందే చరిత్ర. ఇంగ్లండులోని ప్రెస్టన్‌లో ఆయుధ కర్మాగారంలో పనిచేసే ఆడవాళ్లు 1917లో ‘డిక్, కెర్ లేడీస్’ జట్టు కట్టారు. వసూలైన డబ్బు గాయపడిన సైనికులకిచ్చారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో వాళ్ల ఆట చూడటానికి 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాలు ఆడవాళ్లకు ఇవ్వొద్దంది. ఈ ఆట స్త్రీలకు తగదంది. వసూళ్ల లెక్కల మీదా వేలెత్తింది.

ఫిరంగి గుండ్లు తయారుచేసినప్పుడు లేని నాజూకు, బంతి తన్నగానే ఎక్కడినుంచి వచ్చింది? ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు సాగింది. అయినా ఆ జట్టు దొరికిన జాగాల్లోనే 1965 దాకా ఆడింది.

ఈ మాటెత్తితే మనవాళ్లు గుగులోత్ సౌమ్యను చూపిస్తారు. నిజామాబాద్ జిల్లా నుంచి 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు ఆడటానికి వెళ్లిన సౌమ్య మనకు గర్వకారణమే. కానీ ఒక్క సౌమ్యకు శాలువా కప్పి, వందమందిని గట్టు మీద కూచోబెడితే ఎట్లా? మనకు కావలసింది సాయంత్రం పూట మైదానం, లెక్కాపత్రం మన చేతుల్లో ఉండే క్లబ్బు.

ఒంటి సంగతి మేం చూసుకుంటాం. జాగ ఇయ్యండి.