జీతం చిన్నది కాదు, అప్పు పెద్దది

కిందటి నెల పేరెంట్స్ మీటింగులో తొమ్మిదో తరగతి అబ్బాయి నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, వెళ్ళబోతూ ఆగారు. "మేడమ్ గారండీ, ఒక్క మాట. మావాడు ప్రొఫెసర్ అవుతానంటున్నాడు, కాకపోతే విదేశాల్లో రాయబారి అవుతాడంట. మీరే ఏదో చెప్పారట" అన్నారు.

నిజమే, నేనే చెప్పాను. సెప్టెంబరు 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి గురించి క్లాసులో మాట్లాడుతూ, ఆయన మన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పారని, తర్వాత 1949 నుంచి 1952 వరకు మాస్కోలో మన దేశ రాయబారిగా ఉన్నారని చెప్పాను. కోరుకొండ నుంచి గంటలోపు బస్సులో వెళ్ళే కాలేజీ అనేసరికి పిల్లల కళ్ళు పెద్దవయ్యాయి.

"మంచి ఆశే కదండీ" అన్నాను.

"ఆశ మంచిదేనండి. ఆ చదువులకి ఎంతవుతుందో, ఆ ఉద్యోగాలకి ఎంతొస్తుందో మీరే చెప్పండి. లెక్క తేలితే నేనేం అడ్డు చెప్పను" అన్నారాయన.

అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంటికెళ్ళి కాగితం మీద లెక్క వేశాను. ఈ నెల మీతో పంచుకుంటున్నది ఆ లెక్కే.

ముందు జీతాల సంగతి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే, ఏడో వేతన సంఘం తర్వాత వచ్చిన యూజీసీ స్కేలు ప్రకారం మూల వేతనం నెలకు 57,700 రూపాయలు. పూర్తి ప్రొఫెసర్ అయ్యాక 1,44,200 దగ్గర మొదలవుతుంది. ఐఎఫ్ఎస్ అధికారిగా విదేశాంగ శాఖలో చేరితే మొదటి మూల వేతనం 56,100. అంటే కొత్త దౌత్యవేత్త మూల వేతనం కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం కంటే 1,600 రూపాయలు తక్కువ! ఆ శాఖలో అందరికన్నా పైనున్న విదేశాంగ కార్యదర్శికి 2,25,000. వీటి మీద కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం ఉంటాయి. విదేశంలో పనిచేసే కాలంలో అక్కడి ఖర్చులకు ఇచ్చే భత్యం వేరు. ఇవన్నీ రెగ్యులర్ పోస్టుల లెక్కలు. కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్లకు వచ్చేది ఇంతకన్నా బాగా తక్కువ. ఆ సంగతి దాచడం న్యాయం కాదు.

మరి 57,700 చిన్న మొత్తమా? రాజమండ్రిలో అద్దె కట్టుకుని, పిల్లలను చదివించుకుని, అమ్మానాన్నలను చూసుకుంటూ గౌరవంగా బతకడానికి సరిపోయే జీతమే. దాని పక్కన మరో అంకె పెట్టినప్పుడే అది చిన్నదిగా కనిపిస్తుంది. ఆ అంకె పేరు నెలవారీ వాయిదా.

విదేశంలో రెండేళ్ళ మాస్టర్స్‌కు ఫీజు, అద్దె, తిండి కలిపి నలభై లక్షలు కావడం ఇప్పుడు మన ఊళ్ళలో వింత కాదు. నలభై లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, పదేళ్ళ గడువు. లెక్క కడితే నెలకు వాయిదా దాదాపు 55,000 రూపాయలు. పదేళ్ళలో కట్టేది మొత్తం 66 లక్షలు. చదువుకునే కాలంలో పడే వడ్డీ కలిపితే ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు ఆ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. వాయిదా 55,000. రాయబార కార్యాలయంలో చేరే అధికారి మూల వేతనం 56,100. విశ్వవిద్యాలయంలో చేరే అధ్యాపకుడిది 57,700.

ఈ లెక్క నాకు పుస్తకంలో దొరికింది కాదు, మా ఇంట్లోది. మా తమ్ముడికి లెక్కలంటే ప్రాణం. ఇంటర్ చదివేటప్పుడే సాయంత్రం వీధి పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవాడు. ఎవరికైనా అర్థం కాకపోతే విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు. టీచింగ్ వాడి నుంచే నేర్చుకున్నానంటే బీఈడీలో నాకు పాఠాలు చెప్పినవాళ్ళు ఏమీ అనుకోరు. ఇంజనీరింగ్ అయ్యాక అందరూ వెళ్తున్నారని వాడూ ఎమ్మెస్‌కు వెళ్ళాడు. నాన్న పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అని అమెరికా ప్రకటించిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. అక్కడే చదువుకుని ఆ వీసాకు మారేవాళ్ళకు అది వర్తించదని నెల తర్వాత స్పష్టం చేశారు. ఆ నెల రోజుల్లో నాన్న మనిషి సగమయ్యారు.

మొన్న ఫోనులో, "వచ్చేసి ఇక్కడ లెక్చరర్‌గా చేరకూడదా?" అని అడిగాను. నవ్వాడు. "చేరతాననుకో అక్కా. జీతం మొత్తం బ్యాంకు తీసుకుంటుంది. మరి నేను తినేదేంటి?" అన్నాడు.

వాడు చెడిపోలేదు. కష్టపడుతున్నాడు, బహుశా అప్పు కూడా తీర్చేస్తాడు. కానీ ఒక మంచి లెక్కల మాస్టారు మనకు లేకుండా పోయాడు. నన్ను బాధపెట్టేది అదే. నేను డిగ్రీ, బీఈడీ ఇక్కడే చేశాను. నా జీతం ఎంతో ఇక్కడ రాయను, మీరు ఊహించగలరు. కానీ నెత్తిన అప్పు లేదు కాబట్టి నాకు నచ్చిన పనిలో ఉండగలుగుతున్నాను. ఇద్దరిలో ఎక్కువ చదువుకున్నది వాడు, ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నది నాకు.

ఇది మన ఒక్క ఊరి సంగతీ కాదు. డబ్బున్న అమెరికాలో కూడా చదువు అప్పుతో పిల్లలు ప్రభుత్వ కొలువులకు, టీచరు ఉద్యోగాలకు రాలేకపోతున్నారని 2007లో ఒక చట్టం తెచ్చారు. ప్రభుత్వ సేవలోనో, లాభాపేక్ష లేని సంస్థలోనో పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు కడితే, వాళ్ళ ప్రభుత్వ విద్యారుణంలో మిగిలిన బాకీ మాఫీ చేస్తారు. మన బ్యాంకు అప్పులకు అలాంటి వెసులుబాటు లేదు. కాబట్టి మన జాగ్రత్త మనమే పడాలి.

అలాగని ఆ నాన్నగారికి "మీవాడి ఆశ మానిపించండి" అని చెప్పనా? చెప్పను. ఎందుకంటే ఈ రెండు ఉద్యోగాలకూ ఖరీదైన డిగ్రీ అక్కర్లేదు.

ఐఎఫ్ఎస్‌కు కావలసింది ఏదో ఒక డిగ్రీ, సివిల్స్‌లో మంచి ర్యాంకు. దరఖాస్తు రుసుము వంద రూపాయలు, ఆడపిల్లలకు అదీ లేదు. ఎంపికైనవాళ్ళకు శిక్షణలో చేరిన రోజు నుంచే జీతం వస్తుంది. తీసుకునేది ఏటా కొన్ని పదుల మందినే కాబట్టి దారి ఇరుకే. కానీ అది డబ్బుతో వెడల్పయ్యే దారి కాదు.

ప్రొఫెసర్ కావాలంటే 55 శాతం మార్కులతో పీజీ ఉండాలి, ఆపైన నెట్ గానీ పీహెచ్‌డీ గానీ ఉండాలి. పీజీకి మన పక్కనే రాజానగరంలో 2006లో పెట్టిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్, 1974లో పెట్టిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి వాటికి సీయూఈటీ రాయాలి. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 ఫెలోషిప్ వస్తుంది. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 ఇస్తారు. అంటే ఈ దారిలో కొంత దూరం వెళ్ళాక మనం కట్టడం ఆగి, వాళ్ళు ఇవ్వడం మొదలవుతుంది. అమెరికాలోనూ పీహెచ్‌డీలో సీటు వస్తే చాలా విశ్వవిద్యాలయాలు ఫీజు తీసుకోకుండా స్టైపెండ్ ఇస్తాయి. మనవాళ్ళు లక్షలు పోసేది ఎక్కువగా ఎమ్మెస్‌కు. జర్మనీలో ఎక్కువ రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజే లేదు. ఏడాది ఖర్చులకు 11,904 యూరోలు ఖాతాలో చూపిస్తే చాలు.

రాధాకృష్ణన్ గారి సంగతే చూడండి. ఇంట్లో డబ్బు లేదు. చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే. అదే కాలేజీలో చదువు ముగించుకున్న బంధువొకరు తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చేస్తే, కొనక్కర్లేని పుస్తకాలున్నాయి కదా అని ఆయన ఫిలాసఫీ తీసుకున్నారంటారు. ఆ పాత పుస్తకాలే ఆయన్ను ఆక్స్‌ఫర్డ్ దాకా, మాస్కో దాకా తీసుకెళ్ళాయి.

అన్నీ సవ్యంగా ఉన్నాయని నేను అనడం లేదు. 2020లో వచ్చిన 77వ నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరినవాళ్ళకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండటం మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. నెట్ పాసై, పీహెచ్‌డీ చేతిలో పెట్టుకుని, గెస్ట్ లెక్చరర్‌గా ఎదురుచూస్తున్నవాళ్ళు నాకు తెలుసు. అందుకే మరీ చెబుతున్నాను. ఆ ఎదురుచూపు అప్పు లేనివాళ్ళు మాత్రమే తట్టుకోగలరు. చదువు ఖరీదు ఇలాగే పెరిగితే, రేపు కాలేజీలో పాఠం చెప్పడానికి మిగిలేది ఆస్తిపాస్తులున్న ఇళ్ళ పిల్లలే.

"ఎమ్మెస్ చేస్తే డాలర్లలో సంపాదిస్తాడు కదా, వాయిదా ఒక లెక్కా?" అని మీరు అడగొచ్చు. సంపాదించినవాళ్ళు ఉన్నారు, మన కోరుకొండలోనే కొత్త మేడలు కనిపిస్తున్నాయి. పిల్లవాడికి ఆ పని ఇష్టమై, ఆ ఉద్యోగం దొరికితే అది మంచి లెక్కే. కానీ ఆ అప్పు ఒకే రకం ఉద్యోగంతో తీరుతుంది. సంతకం పెట్టిన రోజే మిగతా ఉద్యోగాల తలుపులు మూసుకుంటాయని పిల్లవాడికి ముందే చెప్పాలి కదా?

ఫీజులు కట్టించుకునే బడి పత్రికలో ఫీజుల గురించి రాయడం కొంచెం ఇబ్బందే. అయినా మీరు ఇక్కడ కడుతున్నది కూడా కష్టార్జితమే కాబట్టి చనువు తీసుకుని మూడు మాటలు చెబుతాను. ఒకటి, బడి ఫీజుల కోసం పై చదువుల డబ్బు మొత్తం ఖర్చుపెట్టేయకండి, ఇప్పటినుంచే కొంచెం పక్కన పెట్టండి. రెండు, విద్యారుణం కాగితాల మీద సంతకం పెట్టేముందు ఒక తెల్లకాగితం మీద నెల వాయిదా ఒక పక్క, పిల్లవాడు కోరుకుంటున్న ఉద్యోగంలో మొదటి నెల జీతం మరో పక్క రాయండి. పిల్లవాడినే రాయమనండి. మూడు, "ఇంత ఖర్చుపెట్టాం, తిరిగి రావాలి" అన్న మాట పిల్లల ముందు అనకండి. ఆ మాట విన్న పిల్లలు టీచరు అవుతామని మళ్ళీ చెప్పరు. నేను క్లాసులో చూస్తున్నాను.

ఆ నాన్నగారికి ఫోను చేసి ఈ లెక్కంతా చెప్పాను. అంతా విని, "అంటే ఖర్చు తక్కువ, చదువు ఎక్కువ అన్నమాట" అన్నారు.

"అవునండి. ముందు వాడికి గ్రామర్ వంటపట్టాలి" అన్నాను.

ఆయన నవ్వారు. మర్నాడు వాడు హోంవర్కు చేసుకొచ్చాడు.