తేనీటికి రంగే ప్రధానమా?

మన గృహములయందు తేనీటిని కొలుచు కొలబద్ద యొక్కటియే; అది రంగు. "టీ చిక్కగా నున్నదా, రంగు దిగినదా?" యని యడుగువారే కాని, దాని వాసన యెట్టిది, రుచి యెట్టిది యని విచారించువా రరుదు. ఈ కొలబద్ద సరియైనది కాదనియు, దీనివలన మన ధనమునకును ఆరోగ్యమునకును గూడ నష్టము కలుగుచున్నదనియు మా యభిప్రాయము. ఈ నష్టమును తప్పించుకొనుటకు పాండిత్య మక్కఱలేదు. కొంచెము శ్రద్ధ చాలును.

కోసిన తేయాకు చిగుళ్ళను వాడ్చి, నలిపి, గాలి తగులనిచ్చినచో నవి రాగివన్నెకు తిరుగును. పిమ్మట వేడిగాలిచే నారబెట్టుదురు. బ్లాక్ టీ యనున దిదియే. 1839వ సంవత్సరమున అస్సాము తేయాకు మొదటిసారి లండను నగరమున వేలమునకు వచ్చెను. 1930 ప్రాంతమున ఆకును నలిపి, చించి, చుట్టెడు సీ.టీ.సీ. యంత్రము అస్సామునందే పుట్టెను. నేడు మన దేశమున తయారగు తేయాకులో నధికభాగ మా యంత్రమునుండి వెలువడు గుండ్రని పలుకులే.

ఇక నెన్నిక మాట. పాలు పోసికొనువారికి గాఢమైన అస్సాము పలుకులు తగియుండును. పాలులేక త్రాగగోరువారు డార్జిలింగు ఆకునో, నీలగిరి ఆకునో కొనవలెను. ఆకు పెద్దదైనచో సారము మెల్లగా దిగును. పొడియైనచో సారమును వగరును గూడ శీఘ్రముగా దిగును. డస్టు అను పేరు పొడి పరిమాణమును తెలుపునదే కాని యది చెత్తయని చెప్పునది కాదు. ఏ రకమైనను గాలి చొరని డబ్బాలో నుంచవలెను. మసాలాదినుసుల చెంత నుంచినచో వాని వాసనను తేయాకు పీల్చుకొనును.

రంగునే కోరు కొనుగోలుదారు డున్నంతకాలము రంగునే యమ్ము వర్తకుడు నుండును. ఒకమారు మరిగించిన పిప్పిని ఎండబెట్టి, రంగు కలిపి, విడిపొడిగా నమ్ముట కలదు. దీనిని మన ప్రయోగశాలలోనే పరీక్షింపవచ్చును. వడపోత కాగితముపై చిటికెడు పొడి పఱచి, నీరు చిలికి తడుపుడు. పిదప కాగితమును కడిగి వెలుతురున కెదురుగా పట్టి చూడుడు. మంచి పొడి మచ్చను మిగుల్పదు. రంగు కలిపినది వెంటనే మరకలు చేయును.

కాచుపద్ధతి మిక్కిలి సులభము. ఒక కప్పునకు చిన్న చెంచాడు, అనగా రమారమి 2 గ్రాముల ఆకు చాలును. తాజానీటిని తెర్ల గాచి, ఆకుపై పోసి, మూతపెట్టి, డార్జిలింగు ఆకైనచో 3 నిమిషములు, అస్సాము ఆకైనచో 4 లేక 5 నిమిషములు ఉంచి వడగట్టవలెను. పలుకులకు 2 లేక 3 నిమిషములే చాలును. గాఢత కావలసినచో ఆకును హెచ్చింపవలెను గాని కాలమును హెచ్చింపరాదు. ఏలయన, కాలము పెరిగినకొలది సువాసన ఆవిరితో పోవును, వగరు మాత్రము మిగులును. ఆ వగరును కప్పిపుచ్చుటకు చక్కెర పెంచుదుము.

"పాలతో పొంగించిన టీయే మాకు రుచి" యని కొంద రనవచ్చును. మే మాక్షేపింపము. పాలలోని మాంసకృత్తులు వగరును కొంత యణచును. అది యొక న్యాయమైన పద్ధతియే. కాని యుదయము కాచినదానినే మాటిమాటికి మరిగించి సాయంకాలమువరకు పోయుటకు ఏ న్యాయమును లేదు.

ఆరోగ్యవిషయ మింతకన్న ముఖ్యము. తేనీటిలోని వగరు పదార్థములు, శాకములయందును ధాన్యములయందును గల యినుమును శరీరము గ్రహింపకుండ నడ్డుపడును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15–19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనత గలవారు. దీనికి తేనీరే కారణమని మేము చెప్పుట లేదు. ఐనను ఇట్టి దేశమున భోజనముతోడనే టీ త్రాగు నలవాటు మంచిది కాదు. భోజనమునకు ఒక గంట యెడము పాటించుట కేమియు ఖర్చు కాదు.

కడపట నొక మాట. పూర్వము గంజాము, విశాఖపట్టణము మండలములనుండి అనేకులు తెలుగువారు అస్సాము తోటలకు కూలికి పోయిరి. వారి సంతతివారు నేటికి నచట గలరు. రెండాకులును ఒక మొగ్గయు చొప్పున ఈ చిగుళ్ళను గిల్లునవి పెక్కింట స్త్రీల చేతులే. వారు వేళ్ళతో నేరి యిచ్చినదానిని మనము మరిగించి మరిగించి కషాయము చేయుట వారి శ్రమకు మర్యాద కాదు. మన వసతిగృహపు వంటశాలలోనైనను, ఇండ్లలోనైనను, ఇకపై టీ కాచునపుడు రంగును చూచుటకు ముందు గడియారమును చూడుడని చదువరులను కోరుచున్నాము.