చదరంగమున గెలుచువారు, నేర్పువారు

పంతొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఆంగ్లదేశపు చదరంగ క్రీడాకారులలో అగ్రగణ్యుడు హోవర్డ్ స్టాంటన్. 1843లో ప్యారిస్ నగరమున ఫ్రెంచి మేటి సెంట్ అమాన్‌ను ఓడించి యూరపు ఖండమంతట పేరు గడించెను. 1851లో లండనున ప్రథమ అంతర్జాతీయ పోటీ జరుగుటకు ముఖ్య కారకుడై, తానును ఆడి, నాలుగవ స్థానముతో తృప్తిపడవలసి వచ్చెను. 1858లో అమెరికా యువకుడు పాల్ మార్ఫీ పోటీకి పిలువగా, షేక్స్పియరు నాటకముల పరిష్కరణలో మునిగియున్నానని చెప్పి, తుదకు ఆడకయే తప్పుకొనెను. ఆ అపకీర్తి ఆయనను నేటికిని వదలలేదు.

అయినను ఆయన పేరు నిలిచియున్నది. 1847లో చదరంగమునకు కరదీపిక వంటి గ్రంథము వ్రాసెను. సుమారు మూడు దశాబ్దములు ఒక లండను వారపత్రికలో చదరంగ శీర్షిక నడపెను. 1849లో వెలువడిన నూతన పావులకు ఆయన పేరే పెట్టిరి. నేటి అంతర్జాతీయ పోటీలలో వాడునవి ఆ నమూనా పావులే. గెలిచినవాని కంటె నేర్పినవాడే చిరంజీవి యైనాడు.

ఇక మన సంగతి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 వరకు వరంగల్లు జిల్లాలోనివే. ఆ వరంగల్లున 2003లో జన్మించిన ఎరిగైసి అర్జున్ 2018లో, పదునాలుగవ యేటనే, గ్రాండ్‌మాస్టరు అయ్యెను. 2024 బుడాపెస్టు ఒలింపియాడున మూడవ బల్లపై పదకొండు ఆటలలో పది పాయింట్లు సాధించి స్వర్ణపతకము పొందెను. ఆ యేటి డిసెంబరు పట్టికలో అతని రేటింగు 2800 దాటెను. విశ్వనాథన్ ఆనంద్ తరువాత ఆ మెట్టు ఎక్కిన రెండవ భారతీయుడితడు.

గర్వింపదగినదే. కాని సన్మానముల పూలదండలు మరునాటికే వాడును. చదరంగము చదువునకు అడ్డమని తలచు ఉపాధ్యాయులు నేటికిని కలరు. ఓడిన ఆటను మరల పరిచి, ఏ యెత్తున పొరపడితినో వెదకు బాలుడు తన తప్పును తానే దిద్దుకొన నేర్చుచున్నాడు. చదువనగా ఇంతకంటె వేరేమి?

ఇందుకు పెద్ద వ్యయమక్కరలేదు. పాఠశాలకు నాలుగు పలకలు, ఎత్తులు వ్రాసికొనుటకు ఒక నోటుపుస్తకము, వారమున ఒక గంట, శ్రద్ధగల యొక ఉపాధ్యాయుడు చాలును. భారతకథలో అర్జునునికి ద్రోణుడు దొరకెను. ఏకలవ్యునికి బొమ్మయే గురువాయెను. అర్జునుని జూచి పొంగు మనము, గూడెములలోను తండాలలోను గురువు దొరకని ఏకలవ్యులను మరువరాదు. ఆ లోటు తీర్పగలవారు ఉపాధ్యాయులే.